మంచు దరఖాస్తుదారే తెచ్చుకోవాలి

మంచు టైర్లను పరీక్షించడానికి ఈ దేశంలో తిరుపతిని మించిన ఊరు లేదు. మంచు పడే ఊళ్ళలోనే ఆ పని చేయవచ్చు కదా అని తెలియనివాళ్ళు అడుగుతారు. అక్కడ పరీక్షకు మంచే అడ్డం వస్తుంది. రోడ్డు కనపడదు, టైరు కనపడదు, కొలిచే మనిషికి వేళ్ళు కొంకర్లు పోతాయి, టీ గ్లాసు నోటి దాకా వచ్చేలోపల చల్లారిపోతుంది. తిరుపతిలో ఆ బాధలు ఒక్కటీ లేవు. టైరు టైరులాగే కనపడుతుంది, రోడ్డు రోడ్డులాగే కనపడుతుంది (గుంతలు పోను మిగిలినంత మేరకు), పొద్దున్నే కొండకు పోయి దర్శనం చేసుకుని వచ్చి తీరిగ్గా పరీక్ష మొదలుపెట్టుకోవచ్చు.

ఈ సత్యాన్ని కనిపెట్టింది అఖిల భారత హిమమార్గ టైర్ల పరిశీలనా సంఘం. ఆ సంఘం మొదటి సమావేశం నిజంగానే ఒక మంచు కొండ మీద పెట్టుకున్నారు. అధ్యక్షులవారికి జలుబు చేసింది. కార్యదర్శిగారి అత్తగారు జారిపడ్డారు. 'ఇక్కడి వాతావరణం మంచు పరిశీలనకు అనుకూలంగా లేదు' అని ఏకగ్రీవంగా తీర్మానం చేసి, రెండో సమావేశం తిరుపతిలో పెట్టారు. ఆ తర్వాతివన్నీ ఇక్కడే.

ఊరివాళ్ళకు ఇదేమీ వింత కాదు. సముద్రంలో దీపస్తంభాల మీద వేసిన కమిటీ తిరుపతికే వచ్చింది. ఎడారి ఒంటెల కాళ్ళ జబ్బుల మీద వేసిన కమిటీ కూడా వచ్చి, ఒంటె దొరక్క, ఒక ఎద్దును చూసి సంతృప్తి వెలిబుచ్చి పోయింది. దేశంలో ఏ మూల ఏ సమస్య పుట్టినా ముందు పెళ్ళాం బిడ్డలతో తిరుపతికి రావాలని ఆఫీసర్లకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఊరికే వస్తే ఆడిటువాళ్ళు ఊరుకోరు. వచ్చినందుకు పరీక్షించడానికి ఏదో ఒకటి ఉండాలి. రెండువేల రెండో సంవత్సరంలో ఆ ఏదో ఒకటి వడమాలపేట దామోదరం వ్యాను.

దామోదరం ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, సొంత వ్యాను ఎక్కేసరికి తల సగం నెరిసింది. పుత్తూరుకూ తిరుపతికీ మధ్య జనాన్ని తోలేవాడు. చదువుకున్నవాళ్ళంటే అతనికి పెద్ద మర్యాద లేదు. అయితే వాళ్ళ సంతకం లేనిదే బండి కదలదు కాబట్టి, మర్యాద ఉన్నట్టు నిలబడటం నేర్చుకున్నాడు.

అతన్ని పెంచింది అక్క అలివేలమ్మ. తల్లి పోయేనాటికి దామోదరం చంకబిడ్డ. అప్పటికే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన అలివేలమ్మ, పగలు చెరకు తోటల్లో కూలికి పోయి, రాత్రిళ్ళు ఆ బిడ్డను గుండెల మీద పండబెట్టుకుని మనిషిని చేసింది. ఇన్నేళ్ళలో ఆమె తమ్ముణ్ణి ఫలానాది కావాలని అడిగింది లేదు. ఆ ఏడు వినాయక చవితినాడు ఉండ్రాళ్ళు వడ్డిస్తూ అడిగింది. బదరీనాథ్ చూడాలట. మోకాళ్ళు ఈ ఏడాదికి ఎట్లాగో ఒప్పుకున్నాయట, వచ్చే ఏడాది సంగతి అవి ఏమీ చెప్పలేదట.

దామోదరం సరేనన్నాడు. సంగతి తెలిసి ఊళ్ళో ముసలీ ముతకా పేర్లు ఇచ్చారు, వ్యాను నిండిపోయింది. దీపావళి దాటిన కొన్నాళ్ళకు బదరీ గుడి తలుపులు మూస్తారు, మళ్ళీ ఎండలు ముదిరాకే తెరుస్తారు. ఆ లోపల పోయి రావాలి. అలివేలమ్మ తిరుపతిలో రోడ్డు పక్కన నేపాలీవాళ్ళ దగ్గర ఒక స్వెట్టరూ ఒక కోతిటోపీ కొనుక్కుంది. చలికి అలవాటు పడాలని భాద్రపద మాసం ఎండలో ఆ రెండూ తొడుక్కుని వాకిట్లో కూర్చునేది. చెమట ధారగా కారుతుంటే, బదరీలో ఇంతకంటే కష్టంగా ఉంటుందట అని పక్కింటివాళ్ళకు చెప్పేది.

ఇక మిగిలింది ఒక్క పర్మిట్టు.

దూరప్రయాణ వాహనాల యోగ్యతా ఉపకార్యాలయంలో సూపరింటెండెంటు పరంధామయ్య. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. నెత్తిన బండ వేసినా దూదిపింజ పెట్టినంత నెమ్మదిగా పెడతాడని పేరు. ఆయన దామోదరాన్ని కూర్చోమని (కుర్చీ లేకపోయినా కూర్చోమనే అంటాడు) కొత్త నిబంధన వివరించాడు. ఉత్తరాది పర్వతాలకు పోయే ప్రతి బండికీ సర్వఋతు టైర్లు ఉండాలి. అంటే ఏడాది పొడుగునా మార్చే పని లేకుండా ఎండలో నడవాలి, వానలో నడవాలి, మంచు పడితే మంచులోనూ నడవాలి. నడుస్తుందని పరిశీలనా సంఘంవారు స్వయంగా కళ్ళతో చూసి పత్రం ఇవ్వాలి.

దామోదరానికి ఒక చిన్న అనుమానం వచ్చింది. చదువు లేకపోవడం వల్ల అది పైకి అడిగేశాడు.

"మంచు పడేటప్పుడు ఆ గుడి మూసేస్తారంట గదా సార్. గుడి తెరిచుండేటప్పుడు మంచు ఉండదంట. మంచు ఉండేటప్పుడు మేము పొయ్యేదే లేదు. ఇంక మంచు టైర్లు మాకెందుకు?"

పరంధామయ్య సానుభూతిగా ఫైలు మూశాడు.

"గుడి సంగతి గుడివాళ్ళు సూసుకుంటారప్పా," అన్నాడు. "నాది టైరు సంగతి."

రేణిగుంట రోడ్డులో జయరామ్ టైర్ల అంగడి ఉంది. జయరామ్ దామోదరంతో కలిసి క్లీనరు పని చేసినవాడు, అతనికంటే ఒక తరగతి ఎక్కువ చదివినవాడు. ఆ ఒక్క తరగతినీ అతను జీవితాంతం వాడుకున్నాడు. సంగతంతా విని, టైరు మీద టైరు వేసి దాని మీద కూర్చుని ఆలోచించాడు.

"మంచును నేను ఫ్రిజ్జులో సూసినా, సినిమాలో సూసినా. రెండు తావులా టైరు యాడుండాది?"

అయినా వ్యాపారస్తుడు కాబట్టి శాస్త్రం చెప్పాడు. మెత్తటి రబ్బరు మంచును పట్టుకుంటుంది కానీ చిత్తూరు జిల్లా ఎండకు దోసెపిండి అయిపోతుంది. గట్టి రబ్బరు ఎండకు నిలబడుతుంది కానీ మంచులో రాయిలాగా బిగుసుకుని జారుతుంది. ఈ రెంటికీ మధ్య రకం ఒకటి ఉంది. ఎండలో ఒక మోస్తరుగా నడుస్తుంది, వానలో ఒక మోస్తరుగా నడుస్తుంది, మంచులో ఒక మోస్తరుగా నడుస్తుంది, ఎక్కడా గొప్పగా నడవదు, ఎక్కడా పూర్తిగా ఆగిపోదు. (ఈ లక్షణాలు మనిషిలో ఉంటే ఆఫీసరు ఉద్యోగం ఇస్తారు. టైరులో ఉంటే సర్వఋతు అంటారు.)

మద్రాసు హార్బరు వేలంలో అట్లాంటి పరదేశపు టైర్లు దొరికాయి. వాటి పక్కల మీద ఒక బొమ్మ అచ్చుపోసి ఉంది. మూడు శిఖరాల కొండ, కొండ నడుమ ఆరు రెక్కల మంచుపువ్వు. అది మంచులో నడిచే టైరుకు పరదేశంలో వేసే గుర్తు అని ఎవరికీ తెలియదు. జయరామ్ కళ్ళద్దాలు పైకి తోసి, పువ్వును చుక్కల ముగ్గుగా తేల్చాడు. కొండ ఏ కొండో తేల్చనక్కరలేదు. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాడికి కొండ అంటే ఒకటే.

దామోదరం నాలుగు టైర్లకూ వంగి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత అతనికి ఇంకో బాధ పట్టుకుంది. ఇంత పుణ్యమైన బొమ్మ ఉన్న టైరును బురదలో ఎట్లా తోలేది? జయరామ్ అయిదు నిమిషాలు ఆలోచించి, బొమ్మ ఉన్నది టైరు పక్కన గానీ నేలను తాకే వైపు కాదని, కాబట్టి పాపం లేదని తీర్పు చెప్పాడు. పై తరగతి చదివినందుకు ఉపయోగం ఇదే.

పరంధామయ్య ఆ బొమ్మను భూతద్దంతో చూశాడు. మెచ్చుకున్నాడు. కానీ ఆయన ముఖంలో నెమ్మదిగా ఒక నీడ వాలింది. సంఘంవారు టైర్లను మొదట తిరుమల ఘాట్ రోడ్డులోనే పరీక్షిస్తారు. మనవి ఏడుకొండలు. ఈ టైరు మీద శిఖరాలు మూడే ఉన్నాయి. తక్కిన నాలుగు కొండలకు ఈ టైరు చెల్లుతుందని రుజువేమిటి?

దామోదరం నోటరీ దగ్గరికి పోయి, 'మిగిలిన నాలుగు కొండలను సదరు టైర్లు తమ సొంత బాధ్యత మీద ఎక్కగలవు' అని స్టాంపు కాగితం మీద రాయించుకుని వచ్చాడు. నోటరీ నవ్వలేదు. కోర్టు వాకిట్లో కూర్చున్నవాడు ఇంతకంటే పెద్దవి చూసి ఉంటాడు.

"బాగుండాది," అన్నాడు పరంధామయ్య. "ఇంక మంచు ఎప్పుడు తెస్తావు?"

నిబంధన ప్రకారం మంచు దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. ఆఫీసువారు నేల ఇస్తారు. దామోదరం ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు చెప్పి వస్తానన్నాడు. పరంధామయ్య తల అడ్డంగా ఊపాడు. ఐసు వేరు, మంచు వేరు. ఐసు తయారవుతుంది, మంచు కురుస్తుంది. నిబంధనలో 'కురిసిన' అని స్పష్టంగా ఉంది. అయితే ఐసును తురిమి, పైనుంచి జారవిడిస్తే, అది కిందికి వచ్చేలోపల మంచు అయిపోతుందని ఆయన ఉద్దేశం. 

"ఎంత ఎత్తు నుంచి పడితే కురిసినట్టు సార్?"

"ఒక అంతస్తు చాల్లేప్పా. మా ఆఫీసుకు పై అంతస్తు ఇంకా శాంక్షన్ కాలేదు."

మహాలయ పక్షం వెళ్ళాక సంఘం దిగింది. సభ్యులు, సభ్యుల భార్యలు, భార్యల తల్లులు, ఎవరి తాలూకో తెలియని ఒక తాతగారు. అధ్యక్షులవారి మెడలో ఉన్ని మఫ్లరు ఉంది. ఉక్కపోతకు ముఖం కందగడ్డలాగా అయినా ఆయన దాన్ని తీయలేదు. మంచు నిపుణుడని తెలియాలంటే ఏదో ఒక గుర్తు ఉండాలి కదా. ఆయన హిందీలో చెప్పిన ప్రతి మాటనూ పరంధామయ్య తెలుగు చేశాడు. ఏం చెప్పినా తెలుగులో 'బండి రేపు పొద్దున్నే తీసుకురా' అనే వచ్చేది.

మొదటిది ఎత్తు పరీక్ష. అందరూ వ్యానులో కూర్చుని తిరుమల ఎక్కారు. రెండోది బరువు పరీక్ష. లడ్లతో దిగారు. గుండ్లు చేయించుకోవడం కార్యక్రమంలో లేదు గానీ, సభ్యులందరూ చేయించుకుని గంధం పూసుకుని వచ్చారు. మర్నాడు కొందరికి దర్శనం సరిగ్గా కాలేదని అనిపించి, ఎత్తు పరీక్ష మళ్ళీ పెట్టారు. (శాస్త్రంలో ఒక ఫలితాన్ని రెండుసార్లు చూసుకోవడం మంచి పద్ధతి.) తిరుచానూరులో చదును రోడ్డు పరీక్ష. చక్రాల్లో గాలి ఎట్లా నిలుస్తుందో చూడటానికి, వాయులింగం ఉన్న శ్రీకాళహస్తిని మించిన చోటు లేదు కాబట్టి అక్కడ గాలి పరీక్ష. కాణిపాకం కూడా పోయారు కానీ, ఆ వినాయకుడి ఎదుట అబద్ధం చెప్పకూడదని తెలిసి, అక్కడ మాత్రం కొలతలు ఏవీ రాసుకోలేదు. తలకోన జలపాతం కింద తడి పరీక్ష జరిగింది. తడిసింది సభ్యులు. టైర్లు అర్ధమైలు దూరంలో చెట్టుకింద ఉన్నాయి.

దసరా వచ్చి పోయింది. దామోదరం రోజూ పొద్దుగూకి ఇల్లు చేరేసరికి అలివేలమ్మ అరుగు మీద మోకాళ్ళకు ఆముదం రుద్దుకుంటూ ఉండేది. ఒకటే ప్రశ్న అడిగేది.

"ఈ పొద్దన్నా మంచు పడిందా రా?"

"లేదక్కా. ఈ పొద్దు గాలి సూసినారు."

"సూడనీలే. పెద్దోళ్ళు. అన్నీ సూసేదే మంచిది," అనేది ఆమె. మోకాళ్ళు పట్టుకుని లేచేది. లేవడానికి పట్టే సేపు రోజురోజుకూ పెరుగుతున్నదని దామోదరం గమనించాడు. ఆ సంగతి ఏ నిబంధన కిందికీ రాదు.

చివరికి మంచు రోజు వచ్చింది. సంఘం రైలెక్కే రోజు కూడా అదే. ఉపకార్యాలయం వాకిలి కడిగి, పసుపు నీళ్ళు చల్లి, గీతలు గీసి 'మంచు ప్రాంతము' అని బోర్డు పెట్టారు. పెళ్ళివంటల వాళ్ళ దగ్గర కొబ్బరి కోరాములు అరువు తెచ్చుకుని, జయరామ్ తన అంగడి మనుషులతో మిద్దె ఎక్కి, రంపపు పొట్టు కడిగేసిన ఐసు దిమ్మెలు తురమడం మొదలుపెట్టాడు. ఈ వార్త పసిగట్టి ఒక నన్నారి షర్బత్తు బండివాడు సీసాలూ నిమ్మకాయలూ సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఊరిలో నిజమైన పరిశీలన శక్తి ఉన్న మనిషి వాడొక్కడే.

పరంధామయ్య గడియారం చూసి చెయ్యెత్తాడు. మంచు కురిసింది.

కురిసిందంటే అట్లా ఇట్లా కాదు. జయరామ్‌కు జీవితంలో ఒక్కసారి వచ్చిన అవకాశం. రెండు చేతులతో తట్టలు తట్టలుగా కురిపించాడు. సరిగ్గా కింద నిలబడిన సభ్యుల కొత్త గుండ్ల మీద, గంధం మీద, మఫ్లరు లోపలికి కురిసింది. అంతమంది మంచు నిపుణులు ఒక్కసారిగా కెవ్వుమని గెంతారు. సంఘంలో తర్వాత చేరిన చాలామందికి అదే మొదటి మంచు అని అప్పుడు తెలిసింది. వాళ్ళ పిల్లలు ఉరికి వచ్చి మంచు ప్రాంతాన్ని గుప్పిళ్ళతో ఎత్తుకుపోయి గ్లాసుల్లో వేయించుకుని నన్నారి పోయించుకున్నారు. వాళ్ళ తల్లులు ఎంగిలి అని అరుస్తూ వచ్చి, నిమ్మకాయ పిండించుకుని వాళ్ళూ తాగారు. ఎవరి తాలూకో తెలియని తాతగారు రెండో గ్లాసు అడిగారు. దామోదరం వ్యాను స్టార్టు చేసి గీత దగ్గరికి వచ్చేసరికి పరీక్షా సామగ్రి సగం తినేశారు, సగం ఎండకు నీళ్ళయి కాలవలోకి పోయింది. జయరామ్ మిద్దె మీదినుంచి, "ఇంకా కావాల్నా సార్" అని ఆశగా అడుగుతున్నాడు.

అధ్యక్షులవారు గడగడా వణుకుతూ, ఇది నిస్సందేహంగా అసలైన మంచేనని ప్రకటించారు. అంతలో రైలుకు ఆలస్యం అయిపోయిందని ఎవరో అన్నారు. అందరూ లడ్ల సంచులతో వ్యానులోకి ఎగబడ్డారు. వ్యాను ఆ తడి మీదుగా పోయి స్టేషను చేరింది. 'మంచు ప్రాంతము నుండి వాహనము తన స్వంత టైర్లపై బయటకు వచ్చినది' అని పరంధామయ్య రాసి, కింద పొడి సంతకం చేశాడు.

దామోదరం జన్మలో మొదటిసారి ఒక పరీక్ష పాసయ్యాడు. ఎనిమిదో తరగతి మాస్టరు బతికి ఉంటే పోయి చెప్పి వచ్చేవాడు.

పత్రం దీపావళికి కొన్ని రోజుల ముందే వచ్చిందని పరంధామయ్య కబురు పంపాడు. ఆ మాట వింటూనే వడమాలపేటలో యాత్ర కట్టేశారు. ఊరగాయ జాడీలు, రాగిపిండి, కిరసనాయిలు స్టవ్వు, వంటమనిషి, అన్నీ వ్యాను ఎక్కాయి. అలివేలమ్మను ఇద్దరు పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారిలో ఉపకార్యాలయం దగ్గర ఆపి, పత్రం తీసుకుని, అట్లాగే ఉత్తరానికి పోవడమే. సార్‌కు దణ్ణం పెట్టి పోవాలని అలివేలమ్మ కూడా దిగింది. తమ్ముడి భుజం పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ లోపలికి వచ్చింది.

పరంధామయ్య పత్రాన్ని హిందీలోనుంచి తెలుగు చేసి చదివాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టే చేశాడు. టైర్లు మంచులో అద్భుతంగా ఉన్నాయని సంఘం అభినందించింది. అయితే ఇవి సర్వఋతు టైర్లు. పరిశీలనలో మంచు మాత్రమే కురిసింది. ఎండాకాలం యోగ్యతను ఎండాకాలంలోనూ, వానాకాలం యోగ్యతను వానాకాలంలోనూ సంఘం తిరిగి తిరుపతికి వచ్చి కుటుంబసమేతంగా నిర్ధారిస్తుంది. అంతవరకూ ఈ పత్రం పర్వత రహదారుల మీద మంచు పడే నెలల్లో మాత్రమే చెల్లుతుంది.

"అంటే ఎప్పుడు సార్?"

"కార్తీకం పోయినంక. ఉగాది దాకా ఏ దినమైనా పోవచ్చు. నిన్ను ఆపే మొగోడు లేడు."

"అప్పుడు గుడి మూసుంటాది గదా సార్."

పరంధామయ్య అవునన్నట్టు బాధగా తల ఊపాడు. గుడి సంగతి తనది కాదని ఆయన ఇదివరకే చెప్పి ఉన్నాడు, మళ్ళీ చెప్పి ఎదుటి మనిషిని నొప్పించే స్వభావం కాదు. బయట వ్యానులో ముసలివాళ్ళు గోవింద కొడుతున్నారు. దామోదరం పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, మర్యాద ఉన్నట్టు నిలబడటం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. ఎండాకాలం పరీక్ష అయ్యి, వానాకాలం పరీక్ష అయ్యేసరికి ఈ మంచు పత్రం గడువు తీరిపోతుంది. అప్పుడు మళ్ళీ మంచు కురవాలి. ఈ లెక్క అతనికి బడి అక్కరలేకుండానే అర్థమైంది. అక్క మోకాళ్ళ వైపు చూడలేదు.

అలివేలమ్మ గోడ పట్టుకుని నిలబడి అంతా విన్నది. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొంచెం ఊపిరి తీసుకుని, అంగట్లో బెల్లం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"సార్, ఆ కమిటీలో ఆ బదరీ దేవునికి గూడా ఒక సభ్యత్వం ఇప్పించేదానికి అయితాదా? ఏడాదికొక తూరి ఆయనే ఈడికొస్తాడు. నేను మెల్లగా నడిచి పోయి సూసుకుంటా."

పరంధామయ్య నవ్వలేదు. కొత్త కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు, పెన్ను మూత తీశాడు, మళ్ళీ ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగాడు.

"ఇప్పించొచ్చమ్మా," అన్నాడు. "అయితే దరఖాస్తుకు ఆయన స్వయంగా రావాల."